హించిన్‌బ్రూక్ ద్వీపయాత్ర

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు తీరమునకు చేరువగా హించిన్‌బ్రూక్ అను ద్వీపము కలదు. ఇందు ఊరు లేదు, అంగడి లేదు; దట్టమైన యడవియు, 1,121 మీటర్ల బోవెన్ శిఖరమును, ఇసుకతీరములును మాత్రము కలవు. తూర్పుతీరము వెంబడి 32 కిలోమీటర్ల థోర్స్‌బోర్న్ కాలిబాట నడచుటకు సాధారణముగా నాలుగు దినములు పట్టును. పొరుగు ద్వీపములందు తుపాకులకు బలియగుచుండిన పావురములను లెక్కించి, వాని రక్షణకై పాటుపడిన దంపతులు ఆర్థర్, మార్గరెట్ థోర్స్‌బోర్నులు. ఆర్థరు స్మృత్యర్థమే బాట కీపేరు పెట్టిరి.

అడవి చెడకుండుటకై ఒక్కమారు నలువదిమందిని మాత్రమే బాటపైకి పోనిత్తురు. కావున ముందుగానే యనుమతి పొందవలయును. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు అనుకూల కాలము. దినము నిశ్చయించుటకు ముందు ఆటుపోట్ల పట్టిక చూడవలయును. కొన్ని వాగులు ఆటువేళనే దాటవలసియుండును. ఆ వాగులలో మొసళ్లు కలవు. ఒడ్డున గుడారము వేయుట, దిగి స్నానమాడుట ప్రాణాపాయకరము.

సామానంతయు మన వీపుననే మోయవలెను గనుక తూచి సర్దుకొనవలయును. కట్టెల మంట నిషిద్ధము. చిన్న స్టవ్వు తప్పదు. ఎలుకలు సంచులు కొరుకును గాన బసలయందలి యినుపపెట్టెలలో ఆహారము భద్రపరుపవలెను. వానలు లేని కాలము ముదిరినకొలది సెలయేళ్లెండును. దొరకిన నీటిని కాచి త్రాగవలెను.

తిరిగివచ్చునపుడు చెత్తయు మనవెంటనే రావలెను. ఇల్లు చక్కదిద్దు స్త్రీకి ఈ నేర్పు కొత్తది కాదు. అడవియు నొక యిల్లే యని తలచిన చాలును.