ధామన్కర్ నాకా దగ్గర రెండు తంబురలు

బొంబాయిలో ఉండే మన తెలుగు కుటుంబాలలో చాలామందికి భివండి పేరు తెలుసు గానీ ఊరు తెలియదు. నాసిక్ వైపు కారులో పోతూ హైవే పక్కన గోదాముల వరుసలు చూసి ‘భివండి అంటే ఇదే కాబోలు’ అనుకుంటారు. అసలు ఊరు చూడాలంటే ఠాణాలో రైలు దిగి, బస్సో షేర్ ఆటోయో పట్టుకుని, అంజూర్ ఫాటా మీదుగా ధామన్కర్ నాకా దాకా రావాలి. నాకాలో దిగగానే మొదట చెవికి వినిపించేది మనుషుల మాట కాదు, సాంచాల చప్పుడు. మరమగ్గాన్ని మనవాళ్ళు ఇక్కడ సాంచా అంటారు, ఊరినేమో నోరారా ‘భీమండి’ అంటారు.

నాకాను ఆనుకునే పద్మానగర్ ఉంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన పద్మశాలీల పేట ఇది. కొందరు తిన్నగా ఇక్కడికే వచ్చారు, కొందరు షోలాపూర్‌లో కొన్నాళ్ళు మగ్గం నేసి ఆ తరువాత వచ్చారు. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక మిల్లుల్లో నేయాల్సిన గుడ్డ చాలావరకు ఇటు మళ్ళింది, పనీ పెరిగింది, జనమూ పెరిగారు. ఇక్కడి వీధుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి. దసరాకు బతుకమ్మ ఆడతారు. శ్రావణ పూర్ణిమ దగ్గర పడితే ఇంటింటా మార్కండేయుని భజనల మాటే.

మా మేనమామ ఇల్లు ఈ పేటలోనే. ఆయన తన పదిహేనో ఏట, 1965లో, తండ్రితో పాటు ఇక్కడికి వచ్చారు. నలభై ఏళ్ళకు పైగా సాంచాల మధ్య నిలబడ్డారు. భజన మండలిలో తంబుర ఆయనదే. ఈమధ్య ఆ మండలిలో ఒక పేచీ వచ్చిందని కబురు తెలిసి, చూసి వద్దామని వెళ్ళాను.

పేచీ ఇది. మండలిలో ఉన్న తంబుర మా తాతగారు కొన్నది. పంఢరపురం యాత్రకు పోయినప్పుడు, అప్పట్లో ఆ దారిన నడిచే చిన్న రైలెక్కి మిరజ్ వెళ్ళి తెచ్చారట. పోయినేడు దాని బుర్ర పగిలింది. మండలి వాళ్ళు చందాలు వేసుకుని, మళ్ళీ మిరజ్ నుంచే, అచ్చం పాత నమూనాలోనే కొత్తది చేయించుకొచ్చారు. ఇప్పుడు రెండూ గోడకు ఆనించి పక్కపక్కన ఉన్నాయి. పాతదాన్ని వదిలించుకుందామని కొందరు, వద్దని కొందరు.

మిరజ్ సంగతి పాఠకులలో సంగీతప్రియులకు తెలిసే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పట్వర్ధన్ సంస్థానపు కాలంలో, కత్తులు చేసే శికల్గార్ కుటుంబాల వాళ్ళు ఆ పని తగ్గిపోవడంతో వాయిద్యాల తయారీకి దిగారు. కిరానా ఘరానా పెద్ద అబ్దుల్ కరీం ఖాన్ ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు. 1937లో ఆయన చనిపోతే అక్కడి దర్గాలోనే సమాధి చేశారు. పంఢరపురం ప్రాంతంలో పండే పెద్ద బుర్రలు ఎండబెట్టి, కోసి, దానికి తూని కర్ర దండి అతికించి చేస్తారు. 2024లో మిరజ్ సితారుకూ తంబురకూ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన తంజావూరు తరహా తంబుర అలా కాదు, పనస కర్ర తొలిచి చేస్తారు.

రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని చూశాను. పాతది తేలిక. దాని లక్క పూత పలచబడి, చేయి తగిలే చోట కర్ర రంగు బయటపడింది. గుర్రం దుప్పి కొమ్ముది. కొత్తదానికి ఒంటె ఎముక గుర్రం. వన్యప్రాణి చట్టాలు గట్టిపడ్డాక కొమ్మూ దంతమూ పోవడం మంచిదే అయింది. కొత్తదాని పూత మందం, మెరుపు ఎక్కువ. బిరడలు పట్టుగా ఉన్నాయి, భజన మొదలయినప్పుడు శ్రుతి చేస్తే మంగళహారతి దాకా నిలుస్తుంది. పాతదానికి వానాకాలంలో పాటకొకసారి బిరడ తిప్పాలి. మీటితే మాత్రం పాతదాని మంద్ర షడ్జం గదిలో చాలాసేపు తిరుగుతుంది. కొత్తది గట్టిగా పలికి తొందరగా ఊరుకుంటుంది.

మామ మనవడు గణపతి నవరాత్రుల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. వాడందుకున్నాడు: “మామయ్యా, గిటార్లల్ల గూడ ఇదే లొల్లి.” వాడి దగ్గరున్నది సగం డొల్ల రకం. అంటే పెట్టె రెండు పక్కలా డొల్ల, నడుమ మాత్రం తొలవకుండా వదిలిన దుంగ. గిబ్సన్ కంపెనీ 1958లో ఇలాంటి బేస్ తెచ్చింది, గిల్డ్ కంపెనీ స్టార్‌ఫైర్ బేస్ 1965లో వచ్చింది. ఆనాటివి ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా సామాన్యుడు కొనలేడు. అందుకని అదే నమూనాలో కొత్తవి ఆసియా ఫ్యాక్టరీల్లో చేయిస్తున్నారు. వీడిదీ అలాంటి పాత రూపపు కొత్తదే. పాతవాటికి పూత పలచన, ఏ రెండూ ఒకలా పలకవు. కొత్తవి వంద తీసుకున్నా వందా ఒకేలా ఉంటాయి, శ్రుతి తప్పవు. రోజూ వాయించి పొట్టపోసుకునేవాడికి కొత్తదే మేలని వాడి వాదన.

కాదనడానికి లేదు. కానీ వాడే ఇంకో ముచ్చట చెప్పాడు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో ఒక హాఫ్నర్ బేస్ కొన్నాడు. అది పూర్తిగా డొల్ల. 1972లో దొంగల పాలైంది. అదే నమూనా కొత్తవి కంపెనీ అమ్ముతూనే ఉంది, ఆయన కావాలంటే ఎన్నయినా వస్తాయి. అయినా వెతికించారు. దొరికిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. నమూనా వేరు, వస్తువు వేరు అన్నమాట.

పాతవన్నీ బాగుంటాయనుకోవడం కూడా సరికాదు. బాగాలేనివి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి, బాగున్నవే మిగిలాయి. తంబుర గుర్రం మీద తీగ రాపిడికి గాడి పడుతుంది. కొన్నేళ్ళకోసారి దాన్ని అరగదీసి జవారి సరిచేయాలి. మా పాత తంబుర పలుకుతున్నదంటే వయసు వల్ల మాత్రమే కాదు, మామ ప్రతిసారీ ఓపిగ్గా మిరజ్ మోసుకుపోయి చేయించినందువల్ల.

అసలు బాధ నాకు తరువాత తెలిసింది. తీగకూ గుర్రానికీ నడుమ ఒక నూలు పోగు పెడతారు. దాన్ని వెంట్రుకవాసి జరిపితే తీగ గుంయ్‌మని విచ్చుకుంటుంది. దాన్నే జీవ అంటారు. నేతగానికి నూలు పోగు సంగతి ఒకరు చెప్పాలా! ఏ నంబరు నూలు ఏ తీగకు నప్పుతుందో మామకు వేళ్ళకు తెలుసు. కానీ సాంచాల హోరు ముందుగా తినేసేది చెవిలోని సన్నని స్థాయినే. జీవ ఉండేది సరిగ్గా ఆ సన్నని స్వరాల్లోనే. మామకు మంద్రం వినిపిస్తుంది, పైన విచ్చుకునే రవళి వినిపించదు.

“నాకు రెండూ ఒక్కతీర్గనే ఇనబడ్తయి అల్లుడా,” అన్నారు నవ్వుతూ. “పొల్లగాని గిటారు మంచిగ ఇనస్తది. అది కడుపుల మోగుతది.”

పాతది కావాలా కొత్తది కావాలా అని కొట్లాడే మండలిలో, ఆ తేడా ఎందులో ఉందో అందరికన్నా బాగా ఎరిగిన మనిషికి ఆ తేడా వినిపించదు! నాకు నోట మాట రాలేదు.

పన్నెండేళ్ళ మనవరాలు వచ్చి కూర్చుంది. మామ దండికి చెంప ఆనించి మీటారు. ఆ పిల్ల పోగు జరుపుతోంది. ఆయన తీగను చూడటం లేదు, పిల్ల మొహం చూస్తున్నారు. కాసేపటికి దాని కళ్ళు పెద్దవయ్యాయి. “ఆగు, ఆడనే ఉంచు,” అన్నారు మామ. ఏడాదిగా ఇలాగే నేర్పుతున్నారట. కొత్త తంబుర మీద ఆ పిల్లకు చేయి కుదరడం లేదు. పాతదాని మీద పోగు ఎక్కడ నిలవాలో తంబురే చెబుతుందట.

ఆ రాత్రి మండలి వాళ్ళు వచ్చినప్పుడు మామ ఈ సంగతే చెప్పారు. ఊరేగింపులకూ ఇంటింటి భజనలకూ కొత్తది తిరగాలి. పాతదాన్ని మిరజ్ పంపి బుర్ర అతికించి, పిల్లలు నేర్చుకోవడానికి ఇంట్లో ఉంచాలి. పని చేసేది ఒకటి, చదువు చెప్పేది ఒకటి. అందరూ సరేనన్నారు. బాగుచేత ఖర్చు మాత్రం ఇంకా పోగు కావాలి.

1979లో బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబుర తయారు చేశారు. ఇప్పుడది ఫోనులోకే వచ్చేసింది. విదేశాల్లో పిల్లలకు సంగీతం నేర్పే తల్లులకు అది పెద్ద వరమే. అయినా మీ ఇంటి అటక మీద పెద్దవాళ్ళ తంబుర ఉంటే ఒకసారి దించండి. తుప్పు తీగలు మార్చండి, వాడని రోజుల్లో బిరడలు కాస్త సడలించండి, ఎండ తగలనివ్వకండి. దాన్ని మీటిన చెవి ఇంకా ఇంట్లో ఉంటే, పిల్లల్ని ఆ పక్కన కూర్చోబెట్టండి. నూలు పోగు ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. అది ఎక్కడ నిలవాలో చెప్పేవాళ్ళు దొరకరు.