కొంగు బిగించడం, మెటిక ఆనించడం

పెళ్లిపనులైనా, సంక్రాంతికి ఇల్లు దులపడమైనా, మనం ముందు చేసేది కొంగు నడుముకి దోపుకోవడమే కదండీ! ఇక కబుర్లు చాలు, పనిలోకి దిగాం అని దానర్థం. మగవాళ్లయితే నడుం బిగిస్తారు. ఇంగ్లీషువాళ్లు మాత్రం మెటికలు నేలకి ఆనిస్తారు. దాన్నే "నకిల్ డౌన్" అంటారు. నకిల్ అంటే వేలి కణుపు. దిష్టి తీశాక మన పెద్దవాళ్లు పటపటా విరిచే మెటికన్నమాట.

ఈ మాట మా ఇంటికి మావాడి ప్రోగ్రెస్ కార్డు మీద వచ్చింది. వాడు తొమ్మిదో తరగతి. లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. ఇకనైనా నకిల్ డౌన్ అవ్వాలని టీచరుగారు కింద ఇంగ్లీషులో రాశారు. వాడు బిక్కమొహం వేసుకుని, "అమ్మా, రేపట్నుంచి నాకు నీల్ డౌనా?" అన్నాడు. బళ్లో మోకాళ్ల మీద కూర్చోబెట్టే శిక్ష తప్ప వాడికి ఇంకో "డౌన్" తెలియదు మరి! మావారేమో, "కాదురా, తలొంచుకుని చెప్పింది చెయ్యమని" అన్నారు. వాడి మొహం ఇంకా చిన్నబోయింది.

నేను డిక్షనరీ తీశాను. శ్రద్ధగా పనిలో పడటం అని ఉంది. ఆ మాట పుట్టుక చదివితే నవ్వొచ్చింది. అది గోలీలాట మాట! అక్కడ గోలీని వేలి మడతలో పెట్టి బొటనవేలితో చిమ్ముతారు. చిమ్మేటప్పుడు చేతి మెటిక నేలకి ఆని ఉండాలి. చెయ్యి ఎత్తినా, ముందుకి జరిపినా తొండి. 18వ శతాబ్దంలోనే ఆటలో ఉన్న ఈ మాట, 19వ శతాబ్దంలో పనికీ చదువుకీ పాకింది. ఇంగ్లండులో టిన్స్‌లీ గ్రీన్ అనే ఊళ్లో 1932 నుంచి గుడ్ ఫ్రైడే నాడు గోలీల పోటీలు జరుగుతున్నాయి. ఆడేది పెద్దవాళ్లే!

మావారు చెప్పిన అర్థం దీని తోబుట్టువుది. "నకిల్ అండర్" అంటే లొంగిపోవడం. ఒక్క చిన్న మాట తేడాతో ఒకటి తల వంచమంటుంది, ఇంకొకటి గురి చూడమంటుంది.

అదే వాడికి చెప్పాను. "సెలవుల్లో అమ్మమ్మగారింటి దగ్గర గోలీలాడినప్పుడు బొటనవేలు నేలకి ఆనించి, మధ్యవేలు విల్లులా వెనక్కి వంచి, ఊపిరి బిగబట్టి చూస్తావే, అదేరా సీరియస్ అంటే. అప్పుడు నిన్నెవరైనా తిట్టారా?"

"మరి లెక్కల్లో తొండి ఏంటమ్మా?" అన్నాడు.

"స్టెప్పులు ఎగరగొట్టి, పుస్తకం వెనకాల జవాబు చూడటం. చెయ్యి ముందుకి జరిపినట్టే కదా!"

వాడు నవ్వేశాడు. ఆ కార్డు వచ్చాక వాడు నవ్వడం అదే మొదటిసారి.

మార్కులు పెరిగాయా అంటే, ఇంకా పరీక్షలు రాలేదండీ. నిన్న సాయంత్రం మాత్రం ఒకే లెక్కని నాలుగుసార్లు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు. దోసె చల్లారిపోతోందిరా అని రెండుసార్లు పిలిచాను, పలకలేదు. మూడోసారి పిలవబుద్ధి కాలేదు నాకు.