నాలుగు మూలల హీరా

మా ఆపా కూతురి మంగ్ని ఖాయమైంది, మాషాఅల్లా. అంగూఠీ దుల్హన్ పసంద్ ప్రకారమే చేయిస్తామని సమ్ధీ వాళ్ళు కబురు పంపారు. పిల్ల ఫోన్లో ఫోటో చూపించి "ఖాలా, మేరేకు చౌకోర్ వాలాచ్ హోనా" అంది. గుండ్రంది కాదు, నాలుగు మూలలూ పదునుగా ఉండే ప్రిన్సెస్ కట్. ఆపా ఆ ఫోటో ఒక్కసారి చూసి, చాయ్ పెట్టే వంకతో బావర్చీఖానాలోకి వెళ్ళిపోయింది.

ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు.

ఇరవై రెండేళ్ళ క్రితం దూల్హేభాయ్ జిద్దా నుంచి ఆపాకి తెచ్చింది అలాంటి అంగూఠీయే. చిన్న రాయి. మా ఖాందాన్లో అంతకుముందు మంగ్నికి బంగారు ఉంగరమే, మహా అయితే ఫిరోజా నగీనా. చౌకోర్ హీరాని మేమెవరం చూడలేదు. ఆపా కిటికీ దగ్గర కూర్చుని వేలు అటూ ఇటూ తిప్పి మెరుపు చూసుకునేది. షాదీ అయిన మూడో ఏడు, వంటింటి గట్టుకి చెయ్యి తగిలి ఒక మూల ఎగిరిపోయింది.

"అస్లీ హీరా టూట్తా క్యా?" అంది వాళ్ళ సాస్. ఆ ఏడే మా అబ్బా ఇంటికి స్లాబు వేయించారు. అసలు రాయి అమ్మి మాయికేకి పైసలిచ్చి, నకిలీది పెట్టించుకుందని ఇల్జామ్. ఆపా ఖసమ్ తిన్నా ఎవరూ నమ్మలేదు. దూల్హేభాయ్ అక్కడే కూర్చుని తల దించుకున్నారు. ఆ రాత్రే ఆపా అంగూఠీ తీసి అల్మారీలో పడేసింది. సాస్ అల్లాకి ప్యారీ అయ్యాక కూడా మళ్ళీ తొడగలేదు.

ఈ మాట విని పిల్ల ఊరుకోలేదు. "అమ్మీ, అది ఇవ్వు" అని తీసుకుని, నన్ను నరసరావుపేటలో మేం ఎప్పుడూ వెళ్ళే సేటు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"అసలు వజ్రమే అమ్మా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరెలా విరిగింది? వజ్రం మీద గీత పడదు, కానీ దెబ్బ తగలకూడని చోట తగిలితే చీలుతుందన్నాడు. కట్టె నిలువునా చీలినట్టే, రాయికీ చీలే దిక్కులుంటాయి. ప్రిన్సెస్ కట్‌కి మూలలే కమ్‌జోర్. ఆ మూలని పట్టుకునే బంగారు కొక్కెం అరిగిపోయి, రాయి బయటపడిందట.

అయినా చౌకోర్ ఎందుకు చేస్తారంటే లెక్క చెప్పాడు. ముడి వజ్రం చాలావరకు రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టు దొరుకుతుంది. మధ్యకి కోస్తే రెండు చౌకోర్ ముఖాలే వస్తాయి. గుండ్రంగా చేయాలంటే మూలలన్నీ అరగదీయాలి, సగం దాకా పొడైపోతుంది. చౌకోర్‌లో ఎక్కువ రాయి మిగులుతుంది, అందుకే అదే బరువు, అదే రకం గుండ్రం రాయి కన్నా ధర తక్కువ. మూలలు కత్తిరించిన ఆషర్ కట్ కూడా ఉంది, 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. అది విరిగే భయం తక్కువ, కానీ మెట్లు మెట్లుగా చెక్కుతారు కాబట్టి లోపలి మచ్చ దాగదు. ప్రిన్సెస్ కట్‌లో మెరుపు ఎక్కువ, చిన్న మచ్చలుంటే అందులో కలిసిపోతాయి.

పిల్ల ప్రిన్సెస్సే కావాలంది. నాలుగు మూలలకీ 'వి' ఆకారంలో బంగారు తొడుగులు పెట్టించుకోమని, ఏడాదికోసారి తెచ్చి చూపించమని, సర్టిఫికెట్ లేకుండా కొనొద్దని సేటు తాకీదు చేశాడు. గోల్కొండ హీరాలకి పేరు తెచ్చిన కొల్లూరు గని మా పల్నాడులోనే ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. వజ్రాల గడ్డ మీద పుట్టి కూడా, వజ్రం విరుగుతుందన్న ముక్క మాకెవరికీ తెలియకపోయింది.

ఇంటికొచ్చి చెబితే ఆపా ఒకటే అడిగింది. "అస్లీ అన్నాడా?"

దూల్హేభాయ్ అఖ్బార్ పక్కన పెట్టారు. "నాకు తెలుసు. కొన్నది నేనే కదా. ఆ రోజు అమ్మీజాన్‌తో చెప్పాల్సింది. మాఫ్ కర్ దో" అన్నారు.

ఆపా జవాబివ్వలేదు. కాసేపటికి కూతురి వైపు తిరిగి అంది. "రాయి గురించి అన్నీ అడిగి తెలుసుకున్నావు బేటా, మంచిదే. నలుగురిలో నీ మీద మాట పడితే ఆ అబ్బాయి నోరు విప్పుతాడా లేదా, అది కూడా తెలుసుకో."

మూల విరిగిన ఆ అంగూఠీ ఇప్పుడు ఆపా వేలికుంది.