నడకకు తోడు అరగంట బరువులు

ఇంట్లో ఎవరికైనా స్టెంటు పడితే మిగతావాళ్లు మా ఫిజియోథెరపీ గదికి వచ్చి ముందుగా అడిగేది ఇదే: "గుండెకి నడక మంచిదా సార్, జిమ్మా?" ఒక్కటే కుదిరితే నడకే అంటాను. వీలున్నవాళ్లని రెండూ చెయ్యమని బతిమాలతాను.

అమెరికాలోని అయోవాలో బీపీ, అధిక బరువు ఉన్న 406 మందితో ఏడాదిపాటు చేసిన పరిశోధన 2024లో వెలువడింది. వారానికి మూడుసార్లు, గంటసేపు. కొందరు ట్రెడ్‌మిల్లు, సైకిలు, కొందరు బరువులు మాత్రమే, కొందరు రెండూ చెరో అరగంట. బీపీ, చెడు కొలెస్ట్రాల్, పరగడుపు షుగరు, ఒంటి కొవ్వు కలిపి లెక్కగడితే, గంటంతా ట్రెడ్‌మిల్లు మీద ఉన్నవాళ్లకి దక్కినంత మేలూ చెరో అరగంట చేసినవాళ్లకీ దక్కింది. పైగా కండబలం పెరిగింది. బరువులు మాత్రమే ఎత్తినవాళ్లకి ఆ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

డంబెల్ చూపిస్తే "ఈ వయసులో నాకెందుకు నాయనా" అనే అమ్మలకి నేను ముందు కుర్చీ వేస్తాను. చేతులు ఆనించకుండా కూర్చుని లేవాలి. అది అలవాటయ్యాక చేతికో లీటరు నీళ్ల సీసా. అప్పుడు నా చూపంతా వాళ్ల ముఖం మీదే. పెదాలు బిగిసి, మెడ నరాలు ఉబ్బాయంటే ఊపిరి బిగబట్టారన్నమాట. దాంతో బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. "పైకి లెక్కపెట్టండమ్మా, నాకు వినపడాలి" అంటాను. నోరు మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు.

నడకకీ మాటే కొలత. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాడుకుంటూ సాగే నడక కూడా మంచిదే గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వారానికి 150 నిమిషాల్లో దాన్ని నేను కలపను.

కుర్రవాళ్లు ఇంటర్వెల్ ట్రైనింగ్ అడుగుతారు. నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగు విడతలు. దమ్ము బాగా పెరుగుతుంది. అయితే నార్వేలో 70 దాటినవాళ్లని ఐదేళ్లు గమనించినా, మామూలు వ్యాయామం కంటే అదే ప్రాణాలు కాపాడుతుందని గట్టిగా తేలలేదు. అందుకని పెద్దవాళ్లని నేను దానికి తొందరపెట్టను. ఛాతీలో బరువు, నడిస్తే మామూలుకి మించిన ఆయాసం ఉన్నవాళ్లని మాత్రం ముందు కార్డియాలజిస్టు దగ్గరికి పంపిస్తాను. ఆయన సరేనన్నాకే ఏదైనా.

మిగతావాళ్లకి నేను రాసిచ్చే చీటీ చిన్నది. సోమ, బుధ, శుక్రవారాల్లో అరగంట వేగంగా నడక, అరగంట బరువులు. మంగళ, గురువారాల్లో అరగంట నడక. వారానికి 150 నిమిషాలూ నిండుతాయి, శని ఆదివారాలు ఇంటిపనికి మిగులుతాయి.