ఆదివారం పొద్దున రెండు గంటలు

విశాఖలో ఉంటున్న తల్లిదండ్రులను ఒక మాట అడుగుతాను. మీ పిల్లలు సముద్రాన్ని చివరిసారి ఎప్పుడు చూశారు? స్కూల్ బస్సు కిటికీలోంచి చూడటం లెక్కలోకి రాదు. ఆర్కే బీచ్‌లో నీళ్లకు వీపు పెట్టి దిగిన సెల్ఫీ కూడా రాదు. ఇసుక మీద కూర్చుని, ఓ అరగంట, అలలకేసి ఊరికే చూడటం. మన ఊరికి ఒక పక్కంతా సముద్రమే. అయినా సెలవులు రాగానే మనం గోవా టికెట్ల ధరలు వెతుకుతాం.

నేను చెప్పబోయేది టూర్ ప్లాన్ కాదు. ఇంటి నుంచి గంటలో చేరుకోగల తీరం ఒకటి ఎంచుకుని, నెలకు రెండుసార్లు పిల్లలతో అక్కడికే వెళ్లడం. కొత్త చోటు కాదు, అదే చోటు. ఇందులో కొంత తొందర కూడా ఉంది. మీ అబ్బాయో అమ్మాయో ఇప్పుడు ఆరో తరగతి అయితే, మీ చెయ్యి పట్టుకుని బీచ్‌కి వచ్చేది ఇంకో నాలుగేళ్లే. ఆ తర్వాత ఫ్రెండ్స్‌తో వెళ్తారు. పరీక్షలు అయిపోయాయని గుంపుగా వెళ్లి అలల్లో కొట్టుకుపోయిన విద్యార్థుల వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. చదివిన రోజు ఇంట్లో మనం చెప్పేది ఒకటే: 'బీచ్‌కి వెళ్లొద్దు'. పదిహేనేళ్ల పిల్లల మీద ఆ మాట ఎంతవరకు పనిచేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మేము ఎంచుకున్నది భీమిలి రోడ్డులో మంగమారిపేట తీరం. అక్కడ సముద్రం తొలిచిన రాతి తోరణం ఒకటి ఉంది. దాని పక్కనే జాలరుల పడవలు. ఒకరోజు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా పాపని పిలిచి నీళ్లకేసి చెయ్యి చాపారు. "అదిగో తల్లీ, అక్కడ అల ఇరగట్లేదు చూడు. నిమ్మళంగా ఉందని అందరూ అక్కడే దిగుతారు. అదే లోనకి లాగేస్తాది." అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో కొంచెం నల్లగా, ప్రశాంతంగా ఒక సందు. చూపించాక తెలిసింది గానీ, నన్నడిగితే నేనూ అదే మంచి చోటంటాను.

దీన్నే రిప్ కరెంట్ అంటారు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా, ఇసుక కాస్త లోతుగా ఉన్న చోట కాలువలా దారి చేసుకుని వెళ్తాయి. ఆ వేగం ముందు గజ ఈతగాడి బలం కూడా చాలదు. అయితే అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. చాలామంది ఒడ్డుకేసి ఎదురీది, అలసిపోయి మునుగుతారు. ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు వెళ్తే లాగుడు తగ్గుతుంది, అప్పుడు ఒడ్డుకు తిరగొచ్చు. ఒడ్డున ఉన్నవాళ్లు ఆవేశంగా దూకకూడదు. కాపాడబోయి పోయినవాళ్లు తక్కువేమీ కాదు. తాడో, ఖాళీ డబ్బానో, తేలేది ఏదైనా విసరాలి, జాలర్లను కేకెయ్యాలి. ఇవన్నీ పిల్లలకు ఇంట్లో సోఫాలో కూర్చుని చెప్తే పాఠంలా ఉంటాయి. ఇసుకలో నిలబడి, "ఈ రోజు ఆ సందు ఎక్కడుందో చూపించు" అని అడిగితే పోటీ అవుతుంది. మా చిన్నోడు నాలుగో తరగతి. వాడే ముందు పట్టేస్తాడు.

ఒకే చోటికి పదేపదే ఎందుకంటే, ఆ సందు ఒకచోట ఉండదు. ఇసుక మేటలు కదులుతుంటాయి. తుపాను వెళ్లిన తర్వాతి వారం వెళ్తే మీకు తెలిసిన ఒడ్డు గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఆటుపోట్లూ అంతే, రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. నిన్న ఆరింటికి నడిచి వెళ్లిన రాతి తోరణం దగ్గరికి వచ్చే వారం అదే టైముకు నీళ్లు రావచ్చు. దీనికి యాప్ లేకపోయినా ఫర్వాలేదు, గోడ మీద తెలుగు క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు ఎక్కువ, ఆటు కూడా ఎక్కువే. తిథులు పంతులుగారికే కాదు, జాలర్లకూ కావాలని మా పాపకి అలాగే తెలిసింది.

తీరాన్ని పైనుంచి చూడాలంటే దగ్గర్లోనే తొట్లకొండ ఉంది. బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల దానికా పేరు. 1970లలో నౌకాదళం విమాన సర్వేలో ఆ శిథిలాలు బయటపడ్డాయి. పైనుంచి చూస్తే నురగ గీతలు, వాటి మధ్య సందులు బ్లాక్‌బోర్డు మీద గీసినట్టు కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. హిమయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి ఎగరేసిన ఇసుక కుప్పపడి, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. అక్కడ అంచులు విరిగిపడతాయి కాబట్టి ఎక్కనివ్వకండి. గుర్తుకోసమని మట్టి సీసాలో పట్టి తెచ్చుకోనూ వద్దు. ఆ దారి భీమిలిలో ముగుస్తుంది. బొర్రా గుహల దగ్గర సున్నపురాయిని తొలిచిన గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. గుహలు ఇదివరకే చూసిన పిల్లలకు ఈ చివర కూడా చూపించండి. దిగడం మాత్రం వద్దు, నదీముఖంలో ప్రవాహం మోసం చేస్తుంది.

నీళ్లలో ఆడాలనే మారాం తప్పదు. దానికి రుషికొండ మేలు, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. లైఫ్‌గార్డుల కళ్లెదుట, గుర్తు పెట్టిన హద్దులోపల, మోకాళ్ల లోతు వరకే. యారాడ అందంగా ఉంటుంది, నిజమే. అక్కడ ఒడ్డున కూర్చుంటే చాలు.

జనవరి నుంచి మార్చి మధ్య వెళ్తే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన జాడలు ఇసుకలో కనబడొచ్చు. చూడండి, తవ్వకండి.

టైమెక్కడిది అంటారా? ఆదివారం అయిదున్నరకు బయల్దేరితే చలికాలంలో సూర్యోదయం నీళ్ల మీదే చూడొచ్చు, ఎనిమిదికల్లా ఇంట్లో ఇడ్లీ తినొచ్చు. టెస్ట్ ఉన్న ఆదివారం మానెయ్యండి, గొడవెందుకు. మన హైదరాబాద్ బ్రాంచీల వాళ్లకు సముద్రం లేదు గానీ, వికారాబాద్ దగ్గర మూసీ పుట్టే అనంతగిరి ఉంది. విజయవాడ వాళ్లకు సూర్యలంక, మంగినపూడి ఉన్నాయి. అక్కడా అలలను చదివే పద్ధతి ఇదే.

మా పాప ఈసారి పదో తరగతి. ఆఖరి పరీక్ష రాసిన రోజు ఫ్రెండ్స్ అయిదుగురం రుషికొండ వెళ్తామని ఇప్పుడే అడిగింది. లైఫ్‌గార్డు ఉన్న చోటే, మోకాళ్ల వరకే, అయిదింటికల్లా ఇంటికి, అని షరతులన్నీ తనే చదివింది. నేను సరే అన్నాను. వాళ్ల నాన్నగారు ఇంకా ఆలోచిస్తున్నారు.