కుళాయి నోరు విప్పేదాకా

మా బొర్రాలో కుళాయి గొట్టాలు గడ్డకట్టవు. తర్వాత మీరు నన్ను నిలదీయకుండా ముందే చెప్పేస్తున్నాను. చలి లేక కాదు. మార్గశిరం వచ్చిందంటే కొబ్బరినూనె సీసాలోనే బిగుసుకుపోతుంది. పెరుగు తోడుకోవాలంటే గిన్నెకి దుప్పటి చుట్టి పసిబిడ్డలా పొయ్యి పక్కన పడుకోబెట్టాలి. పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు కాసేపు మనవి కావు. అయినా నీళ్ళు నీళ్ళుగానే వస్తాయి. చింతపల్లి వైపు లంబసింగిలో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. ఆ వూరికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి ఆరుబయట వుండిపోయిన మనిషి కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. చెప్పుకోడానికి బాగానే వుంటుంది గాని అక్కడ కూడా గొట్టాలు పగిలాయని నేనైతే వినలేదు.

మా నీళ్ళకున్న జబ్బు వేరు. ఇవి సున్నపురాతి కొండల్లోంచి వచ్చే నీళ్ళు. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని, ఆ కాస్త పులుపుతోనే రాతిని కొంచెం కొంచెం కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. గుహ కప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది. మోసుకొచ్చిన సున్నం మిగిలిపోతుంది. గుహల్లో మీరు టిక్కెట్టు కొనుక్కుని చూసే శివలింగమూ, వేలాడే రాతి జడలూ అలా చుక్కచుక్కగా పేరుకున్నవే. అదే తతంగం మా యింట్లో టిక్కెట్టు లేకుండా జరుగుతూ వుంటుంది. నీళ్ళు కాచే డేగిసా అడుగున తెల్లటి పెచ్చు. చింతపండు పెట్టి తోమినా వారం తిరక్కుండా మళ్ళీ పెచ్చు. ఓసారి వంటింటి గొట్టం కోసి చూస్తే, బొటనవేలు పట్టాల్సిన బెజ్జంలో చిటికెనవేలు దూరలేదు.

కాబట్టి నీళ్ళు రాయి కావడం మాకు వింత కాదు. కాకపోతే యిక్కడ అందుకు ఏళ్ళు పడుతుంది. ఒక్క రాత్రిలో నీళ్ళు రాయైపోవడం మా యింట్లో చూసింది అమ్మ ఒక్కతే. అదీ డెబ్భయ్యో యేట, అమెరికాలో.

మా నాన్నగారు కొత్తవలస - కిరండూల్ లైన్లో పనిచేశారు. బైలదిల్లా ఇనపరాయిని విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. మా ఆయనదీ ఆ లైనే. అంచేత పుట్టింటి క్వార్టర్సు నుంచి అత్తింటి క్వార్టర్సుకి నేను కదిలింది నాలుగు స్టేషన్ల దూరం. మా చెల్లెలు ఆ నాలుగు స్టేషన్లతో ఆగలేదు. చదువుకుంది, వుద్యోగం చేసింది, పెళ్ళి చేసుకుంది, డల్లాస్ పక్కన యిల్లు కొనుక్కుంది. 2020 ఫిబ్రవరిలో దాని పురుడు కోసం అమ్మ వెళ్ళింది. "శ్రావణమాసానికి వచ్చేస్తానే, ఆవకాయ జాడీ మూత మాత్రం తడిచేత్తో తీయకు" అని చెప్పి మరీ విమానం యెక్కింది. మార్చిలో కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. తర్వాత ఒకటీ అరా తిరిగినా, ఆ వయసులో, ఆ భయంలో పంపడానికి చెల్లెలికి మనసొప్పలేదు. శ్రావణం వెళ్ళింది, సంక్రాంతీ వెళ్ళింది.

అక్కడ తల్లీకూతుళ్ళకి పోట్లాట దేని మీదనుకున్నారు? బకెట్ల మీద. మా చిన్నప్పుడు క్వార్టర్సుకి నీళ్ళు కొండ మీది ఊట నుంచి దిగేవి. వస్తే ఒక గంట. మొదట తాగే బిందెలు, తర్వాత వంట గంగాళం, ఆ తర్వాతే బట్టలు. బియ్యం కడిగిన నీళ్ళు పశువుకి, కూరలు కడిగిన నీళ్ళు మొక్కకి. రాత్రి పడుకోబోయే ముందు రెండు బకెట్లు నిండుగా వుండకపోతే అమ్మకి నిద్ర పట్టదు. డల్లాస్‌లోనూ అదే పని మొదలుపెట్టింది.

"ఇక్కడ ఎప్పుడు తిప్పినా నీళ్ళొస్తాయమ్మా" అంటుంది చెల్లెలు.

"వస్తున్నప్పుడే కదే పట్టుకోవాలి, రానప్పుడు ఏం పడతావ్?" అంటుంది అమ్మ.

చెల్లెలి బాధా అబద్ధం కాదు. పిల్ల పాకడం మొదలుపెట్టింది. నీళ్ళున్న బకెట్టు పాకే పిల్లకి ఎంత ప్రమాదమో తల్లులకి నేను చెప్పక్కర్లేదు. ఒకరోజు బకెట్లు రెండూ బోర్లించేసి కారు షెడ్డులో పెట్టేసింది. అమ్మ నాకు ఫోన్ చేసి, "నీ చెల్లెలు నన్ను బోర్లించేసింది" అంది. నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

2021 ఫిబ్రవరి 14, ఆదివారం. డల్లాస్‌లో మంచు పడింది. అమ్మ శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి తీయించుకున్న ఫోటో పంపించారు. తెల్లవారుజామున కరెంటు పోయింది. వచ్చింది, మళ్ళీ పోయింది, ఆనక రాలేదు. మనకి సోమవారం రాత్రి, వాళ్ళకి సోమవారం పొద్దున్న. మా యింట్లో సిగ్నలు అందేది వంటింటి కిటికీ దగ్గర మాత్రమే. పులుసు మరుగుతూండగా ఫోన్ మోగింది.

"అక్కా, కుళాయిలో నీళ్ళు రావట్లేదు."

"మోటారు పోయిందేమో చూడు."

"మోటారు కాదక్కా. గొట్టంలో గడ్డకట్టేశాయి. పిల్లకి పాలు కలపడానికి ఒక్క సీసా నీళ్ళున్నాయి."

పులుసు పొయ్యి మీంచి దించేశాను.

అక్కడి యిళ్ళు యెండ కోసం కట్టుకున్న యిళ్ళు. ఉత్తరాన మంచు రాష్ట్రాల్లో గొట్టాలని భూమిలో లోతుగా, ఇంటి కింది గదిలోంచి తీసుకొస్తారు. టెక్సాస్‌లో అంత చలి ఎప్పుడో గాని రాదు కనుక బయటి గోడల్లోనూ, కప్పు కింది అటకలోనూ పరిచేస్తారు. కరెంటుంటే ఇంటి వెచ్చదనం వాటినీ కాపాడుతుంది. కరెంటు పోయిందా, మొదట చచ్చేవి అవే.

గడ్డకట్టడంతో పోతే ఫరవాలేదు, తర్వాత పగులుతాయి. నిండు గాజుసీసాని డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయిన ఇల్లాలికి ఈ శాస్త్రం వేరే చెప్పాలా? నీళ్ళు గడ్డ కట్టేటప్పుడు నూటికి తొమ్మిది వంతులు వొళ్ళు చేస్తాయి. గొట్టంలో చిత్రమేమిటంటే, మంచు వున్నచోటే పగలాలని లేదు. మంచుగడ్డ బిరడాలా బిగుసుకుని పెరుగుతూ, దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీళ్ళని నొక్కుతుంది. పారిపోవడానికి దారిలేని ఆ నీళ్ళు గొట్టం ఎక్కడ పలచగా వుంటే అక్కడ చీల్చుకుంటాయి. అందుకే చలి వస్తోందంటే కుళాయిని సన్నటి ధారగా వదిలేయమంటారు. గడ్డకట్టాక కూడా చెయ్యవలసిన మొదటి పని కుళాయి తెరిచి పెట్టడమే.

ఆ మాట చెల్లెలికీ తెలుసు, ఫోనులో చదివింది. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో గొట్టాన్ని వెచ్చబెట్టమని కూడా రాశారట. కరెంటు లేకపోయాక మిషనెందుకు? మా మరిది కొవ్వొత్తి తెచ్చి సింకు కిందికి దూరబోయాడు. లోపలంతా చెక్కగోడ. పైగా మంట ఒకేచోట తగిలితే లోపల నీళ్ళు ఆవిరై గొట్టం పేలుతుంది. చెల్లెలు ఫోనులోనే అతని మీద అరిచింది. ఇంతలో వెనక నుంచి అమ్మ గొంతు: "కుంపటి వుంటే యిల్లంతా వెచ్చబడేదే. పెరట్లో ఆ మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి వుందిగా, లోపలికి తెండి."

నాకు వొళ్ళు జలదరించింది. "అమ్మా, అది మాత్రం వద్దు. మన క్వార్టర్సులో పెంకుల సందులోంచి చుక్కలు కనబడేవి. ఆ యింట్లోంచి పిసరంత గాలి బయటికి పోదు. బొగ్గుల పొగ కంటికి కనబడదు, వాసన వుండదు, నిద్రలోనే తీసుకుపోతుంది" అని గట్టిగా చెప్పాను. అరకు చలిలో యాభయ్యేళ్ళు కుంపటి పెట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఒక్క క్షణం మాట్లాడలేదు. "అయితే సరే" అంది. ఆ వారం టెక్సాస్‌లో బొగ్గులు లోపల పెట్టుకునీ, మూసిన షెడ్డులో కారు నడిపించుకునీ ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళున్నారు. ఆ "అయితే సరే" అనే మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఆ తర్వాత పని అమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది. వాళ్ళది గ్యాసు పొయ్యి. దేవుడి గూట్లో అగ్గిపెట్టె వుంది. నీళ్ళు లేవంటారేమిటి, వాకిలి నిండా వున్నాయి కదా అంది. ఇంట్లో వున్న గిన్నెలూ, కుక్కర్లూ, చివరికి చెల్లెలు పుట్టింటి నుంచి తీసుకెళ్ళి అటక మీద పడేసిన ఇత్తడి గంగాళం కూడా బయటికొచ్చాయి. అన్నిటినిండా మంచు ఎత్తుకొచ్చారు. మంచుని నమ్ముకోకండి, చూడ్డానికి గంపెడు, కరిగితే గరిటెడు. పది గిన్నెల కొత్త మంచు కరిగిస్తే గిన్నెడు నీళ్ళొచ్చాయి. కిటికీ కాస్త తెరిచిపెట్టి ఆ నీళ్ళు కాచారు.

అమ్మ తన పాత నేతచీర చింపింది. అక్కడి తువ్వాళ్ళు మెత్తనే గాని గొట్టానికి చుట్టుకోవట. చీరముక్కల్ని వేడినీళ్ళలో ముంచి, పిండి, సింకు కింద గొట్టానికి చుట్టడం. చల్లారగానే విప్పి మళ్ళీ ముంచడం. ఎటునుంచి మొదలుపెట్టాలన్నది ముఖ్యం. కుళాయి మూతి దగ్గర మొదలుపెట్టి గోడవైపు వెనక్కి వెళ్ళాలి. ముందు కరిగిన నీటికి బయటికి దారి వుండాలి కదా. గోడ దగ్గర మొదలుపెడితే కరిగిన నీళ్ళు రెండు గడ్డల మధ్య ఇరుక్కుంటాయి. అమ్మకి ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "చిక్కు తీసేటప్పుడు జడ చివర్నుంచే కదుటే మొదలుపెడతాం" అంది. మా మరిది వాకిట్లో మంచు తవ్వి, మీటరు పెట్టె మూత తెరిచి, పెద్ద కట్టు దగ్గర నిలబడ్డాడు, గోడలో ఎక్కడైనా చప్పుడైతే వెంటనే తిప్పేయడానికి.

నేను నవల రాస్తూంటే యిక్కడ చెల్లెలు అమ్మని కౌగలించుకుని యేడ్చేది. నిజానికి ఏమైందంటే, ఛార్జింగు అయిపోతుందని చెల్లెలు ఫోన్ పెట్టేసింది. నేను రాత్రి పన్నెండు దాకా ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను. చివరికి ఫోన్ వచ్చింది. రెండు గంటలు పట్టిందట. ముందు గొట్టం దగ్గిందట, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు. తర్వాత గాలి. తర్వాత ఒక చుక్క, మంచు పలుకులతో కలిసి నాలుగు చుక్కలు, ఆపైన ధార.

"అమ్మేమంది?" అన్నాను.

"షెడ్డులోంచి బకెట్లు తెమ్మంది" అంది చెల్లెలు.

బకెట్లేమిటి, స్నానాల తొట్టి కూడా నింపి, పిల్ల వెళ్ళకుండా ఆ గది తలుపుకి బయట గొళ్ళెం పెట్టారు. మర్నాడు, 16న, అక్కడ సున్నాకి దిగువ 19 డిగ్రీలు. డెబ్భై రెండేళ్ళలో డల్లాస్ అంత చలి చూడలేదు. రాష్ట్రం మొత్తం మీద 45 లక్షల ఇళ్ళకీ కొట్లకీ కరెంటు లేదు. కోటీ నలభై లక్షల మంది నీళ్ళు కాచుకుని తాగవలసి వచ్చింది. ప్రభుత్వం తర్వాత లెక్క తేల్చిన చావులు 246. ఆ నాలుగు రోజులూ అమ్మ చెంబు లెక్కన నీళ్ళు పంచింది. పిల్ల పాలకి మొదటి వంతు, దొడ్లో పొయ్యడానికి గిన్నెలు కడిగిన నీళ్ళు. పక్కింటి మెక్సికో ముసలావిడకి రోజూ ఒక గిన్నె కాచిన నీళ్ళు. ఇద్దరికీ భాష లేదు. "గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇచ్చేది కాదే, మన వాళ్ళలాగే" అంది అమ్మ నాతో.

వంటింటి గొట్టమైతే కాచుకున్నారు గాని అటకలోని గొట్టం దగ్గరికి ఎవరు వెళ్ళగలరు? గొట్టం పగిలినప్పుడు తెలియదు, మంచే బిరడాగా వుండి నీళ్ళని ఆపుతుంది. కరిగినప్పుడే తెలుస్తుంది. శుక్రవారం యెండ వచ్చింది, కరెంటు వచ్చింది, అందరూ హమ్మయ్య అనుకుంటూండగా మేడ మీద గది కప్పు నల్లబడి, వుబ్బి, పిండిముద్దలా వూడి మంచం మీద పడింది. పడుకునే వాళ్ళంతా చలికి కింద హాల్లో ఒకే దుప్పట్లో వుండటం అదృష్టం. మరిది పరుగున వెళ్ళి కట్టు తిప్పాడు. గొట్టాలు బాగుచేసే మనిషి కోసం పదకొండు రోజులు ఎదురుచూశారు. ఆ రోజుల్లో అతన్ని పెళ్ళికొడుకులా చూసుకున్నారట జనం. అమ్మ అతనికి ఉప్మా చేసి పెట్టింది.

అతను కోసి పారేసిన జానెడు రాగి గొట్టాన్ని అమ్మ చెత్తబుట్టలోంచి తీసి తోమి దాచింది. దసరాకి తిరిగొస్తూ పెట్టెలో చీరల మధ్య పెట్టుకొచ్చింది. ఒకవైపు పొడుగునా, పండిన బెండకాయ పగిలినట్టు పగులు. విమానాశ్రయంలో అధికారి అదేమిటని అడిగితే, "మా అల్లుడింటి గొట్టం బాబూ" అందట. అతను రెండుసార్లు తిప్పి చూసి ఇచ్చేశాడు.

ఇక్కడికొచ్చాక మా వంటింట్లోంచి కోసిన పాత గొట్టం ముక్కని వెతికించి, రెండూ పక్కపక్కన గూట్లో పెట్టింది. ఒకటి లోపల నిండిపోయి పూడినది, రెండోది బయటికి చీలినది. పొయ్యి వూదడానికి పనికొస్తుందేమోనని రాగిదాన్ని ఓ పొద్దున వూది చూసింది. గాలంతా పగుల్లోంచి మొహానికే కొట్టింది.

"దండగ రాగి" అని మళ్ళీ గూట్లో పెట్టేసి, కుళాయి వస్తోందంటూ బిందె తీసుకుని వెళ్ళింది.