బారు తడి ఆరకుండా

మేస్త్రి చెట్లు కోసే మిషన్ రంపం పక్క కవరు విప్పి, చైను ఊడదీసి, బారుని గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుతురుకి పట్టాడు. రెండడుగులకి కొంచెం తక్కువ పొడవున్న ఉక్కు పట్టీ అది. కింది అంచు పొడవునా నెమలి మెడ రంగు పాకి ఉంది. అక్కడక్కడ ఊదా, చివర్లో గోధుమ రంగు.

"ఇది కాలిన రంగు మాస్టారూ. ఆయిలందక వేడెక్కిపోనాది. ఇక్కడ ఉక్కు మెత్తబడిపోయుంటాది, ఎంత సానబట్టినా మళ్లీ రాదు" అని, ఆ అంచు మీద నా బొటనవేలు పెట్టించాడు. కొడవలి అంచులా సన్నగా, పైకి లేచిన గరుకు తగిలింది. చైను ఆ మెత్తబడిన అంచుని నొక్కి నొక్కి బయటికి మడిచేసిందన్నమాట.

విజయనగరంలో గంటస్తంభం దాటి నాలుగు సందులు లోపలికి వెళితే ఆ మేస్త్రి షెడ్డు వస్తుంది. బోర్డు లేదు. గుమ్మం ముందు పరిచిన రంపపు పొట్టే బోర్డు. ఒక గోడకి వరసగా బారులు, ఇంకో గోడకి మేకులకి తగిలించిన చైన్లు, మూల నీళ్ల డ్రమ్ము పక్కన మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు. దసరా ముందు నుంచి దీపావళి తర్వాత నెల దాకా అతనికి ఊపిరాడదు. ఈ తీరానికి తుపాన్లు వచ్చే రోజులు అవే మరి.

నేనక్కడికి వెళ్లడానికి ఒక పాత కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గజపతినగరం వైపు ఉన్న మా ఊళ్లో రోడ్డుకి అడ్డంగా మామిడి మానులు పడిపోయాయి. రెండు రోజులు కరెంటు లేదు, పాలవ్యాను లేదు. మూడో రోజు మా తమ్ముడు ఎక్కడి నుంచో ఒక మిషన్ రంపం అద్దెకి తెచ్చాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కోశాం. పెట్రోలు మూత ఎన్నిసార్లు తీశామో నాకిప్పటికీ లెక్క గుర్తుంది. దాని పక్కనున్న రెండో మూత ఒక్కసారి కూడా తియ్యలేదు. అది దేనికో అడగాలని కూడా మాకెవరికీ తోచలేదు. ఎండిపోయిన చైను సాగి, వదులై, ఒక కొమ్మ మధ్యలో బారు మీంచి జారి వెనక్కి కొట్టింది. తమ్ముడి ముంజేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ చూసినప్పుడల్లా ఆ రెండో మూతే నా కళ్లముందు కనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత మా పిన్ని కొడుకు ఒక రంపం కొని, రెండు నెలలకే బారు నీలం తిరిగిందని చూపిస్తే, దాన్ని నేనే పట్టుకుని ఈ షెడ్డుకి వచ్చాను.

ఆ రెండో మూత చైనుకి ఆయిలు పోసే ట్యాంకుది. విషయం వినడానికి చిన్నది. చైను బారు గాడిలో పరిగెడుతుంది, ఇనుము మీద ఇనుము. బాగా నడిచే రంపంలో దాని వేగం సెకనుకి 20 మీటర్ల దాకా ఉంటుంది. అంటే కన్ను ఆర్పేలోపు ఆ చైను బారు చుట్టూ రెండు మూడుసార్లు తిరిగొస్తుంది. ఆ రాపిడికి ఆయిలు కావాలి. స్కూటరు ఇంజన్లో ఆయిలు ఉన్న చోటే ఉండి పదేపదే తిరుగుతుంది. ఇక్కడలా కాదు. ట్యాంకులోంచి వచ్చిన చుక్క బారు మొదట్లో ఉన్న బెజ్జంలోంచి గాడిలోకి దిగుతుంది, చైను లోపలి పళ్లు దాన్ని మోసుకుని ముక్కు దాకా తీసుకుపోతాయి, అక్కడ తిరిగే వేగానికి కొంత చిమ్మిపోతుంది, మిగిలింది పొట్టుతో కలిసి నేల మీద పడుతుంది. పోయిన చుక్క మళ్లీ రాదు. కాబట్టి మిగుల్చుకుందామనుకోవడంలోనే తప్పు ఉంది. ఎంత పోవాలో అంత పోనివ్వడమే ఇక్కడి లెక్క.

మన తాతలకి ఈ సంగతి తెలుసు. ఎడ్లబండి ఇరుసుకి కందెన వేసేవారు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చిక్కగా చేసి, బండికి వేలాడదీసిన గొట్టంలో ఉంచుకునేవారు. ఇరుసు కిర్రుమన్నదంటే బండి ఆగాల్సిందే, చక్రం ఊడదీసి పూయాల్సిందే. ఆ కందెనకి ఉండాల్సిన గుణం జిడ్డు ఒక్కటే కాదు, అంటుకుని ఉండే జిగట. చైను కోసం ప్రత్యేకంగా అమ్మే ఆయిల్లోనూ కలిపేది అదే గుణం. రెండు వేళ్ల మధ్య పెట్టి విడదీస్తే తేనెలా తీగ సాగుతుంది. మామూలు ఇంజనాయిలు అలా సాగదు, ముక్కు దగ్గర తిరిగేసరికి విసిరేసినట్టు పోతుంది.

"మరి మా వాడు ఏం పోశాడో చూడు" అన్నాను.

మేస్త్రి ట్యాంకు మూత తీసి పుల్ల ముంచాడు. నల్లగా వచ్చింది. కాలిన ఆయిలు. మోటారు సైకిలు మెకానిక్కుల దగ్గర ఊరికే దొరుకుతుంది గదా అని తెచ్చి పోసేది. పాత బట్ట మీద రెండు చుక్కలు వేసి ఎండలో పెట్టి చూపించాడు. నల్లటి మరక మధ్యలో మినుకు మినుకుమంటూ రవ్వల్లాంటివి. ఇంజను అరుగుదలలోంచి వచ్చిన లోహపు పొడి అది. దాన్ని గాడిలోకి పంపితే కందెన పని కాదు, సానరాయి పని చేస్తుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. కాలిన ఆయిలు చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే చర్మ క్యాన్సర్ వచ్చే ముప్పుందని స్టిల్ లాంటి రంపాల కంపెనీల మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది. రంపం పట్టిన మనిషి ముంజేతులు, తొడలు, ముఖం మీద రోజంతా పడే తుంపర అదే. ఆ మాన్యువలు ఇంగ్లీషులో ఉంటుంది, చాలావరకు పెట్టె విప్పిన రోజే చెత్తలోకి పోతుంది. రంపం అమ్మే ప్రతి కొట్టులోనూ ఈ ఒక్క ముక్క తెలుగులో రాసి గోడకి అంటించాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. లీటరు ఆయిలు డబ్బు మిగిలిందని సంతోషపడే కూలివాడికి అతని ఒళ్లు ఎంత ఖరీదు చెల్లిస్తోందో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

చిక్కటి ఆయిలు దొరకనప్పుడు కొత్త ఇంజనాయిలు, 30 నంబరుది, పోసుకోవచ్చునని మేస్త్రి మాట. త్వరగా చిమ్మిపోతుంది కాబట్టి కొంచెం ఎక్కువ వదలాలి. నూనెల మాట కూడా వచ్చింది. ఐరోపా అడవుల్లో ఆవజాతి గింజల నూనెతో చేసినవి వాడతారు. నేలలో పడినా కుళ్లి కలిసిపోతాయి కనక ఆస్ట్రియాలాంటి దేశంలో 1990 దశకం నుంచే ఇలా కలిసిపోయేవే వాడాలని చట్టం ఉంది. విజయనగరం జిల్లాలో నువ్వులు పండుతాయి, మనకి నూనెలు కొత్త కాదు. వాటి గుణమూ మనకి తెలుసు. దీపపు కుందెలో నూనె నాలుగు రోజులు వదిలేస్తే అంచున జిగురుగట్టి, చింతపండు పెట్టి తోమితే గాని వదలదు. రంపం ట్యాంకులోనూ అంతే. నూనె పోసి వాడినవాడు పని అయిన రోజే ఒంపేయాలి, లేకపోతే పంపు బిగుసుకుంటుంది.

అసలు పనికి వచ్చాం. క్లచ్ డ్రమ్ము తీసేసరికి లోపల పొట్టు, ఆయిలు కలిసి పిడచకట్టి ఉన్నాయి. బ్రష్షుతో దులిపాక పంపు కనబడింది. చిటికెన వేలంత ఉంటుంది. డ్రమ్ముతో పాటు తిరిగే వార్మ్ గేరు దాన్ని తిప్పుతుంది. పంపు లోపల తిరిగే ప్లంజరు అనే కడ్డీకి ఒక పక్క ఏటవాలుగా కోసి ఉంటుంది. తిరుగుతున్నకొద్దీ ఆ వాలు వల్ల ముందుకీ వెనక్కీ కదులుతుంది. వెనక్కి వెళ్లినప్పుడు ట్యాంకులోంచి పీలుస్తుంది, ముందుకొచ్చినప్పుడు బారు వైపు తోస్తుంది. సర్దుబాటు స్క్రూ చేసేదల్లా ఆ కదలికకి హద్దు పెట్టడమే. హద్దు దగ్గరైతే చిన్న గుక్క, దూరమైతే పెద్ద గుక్క. ఇలాంటి రంపంలో చైను తిరిగితేనే పంపు తిరుగుతుంది. ఖాళీగా చప్పుడు చేస్తున్నంతసేపూ ఒక్క చుక్క రాదు.

ఆ వార్మ్ గేరు చౌక మిషన్లలో ప్లాస్టిక్‌ది. చైను బ్రేకు పడి ఉన్నదని చూసుకోకుండా రేజు చేస్తే క్లచ్ వేడికి అది కరిగిపోతుంది. గోడమూల డబ్బాలో అలా కరిగినవి గుప్పెడు చూపించాడు, బెల్లం పాకంలో ముంచి తీసినట్టున్నాయి. చిన్న మోడళ్లకి అసలు సర్దుబాటు స్క్రూయే ఉండదు, కంపెనీ పెట్టినంతే వస్తుంది. మా వాడి 58 సీసీ మిషనుకి ఉంది, అడుగున, పొట్టు కింద దాక్కుని.

నేను స్క్రూ డ్రైవరు అందుకోబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "స్క్రూ ఆఖర్న మాస్టారూ. ముందు దారి సూడాల."

దారి అంటే ట్యాంకు నుంచి బారు దాకా. ట్యాంకులో గొట్టం కొసనున్న జల్లెడ తీసి పెట్రోలులో కడిగాడు. గాలి బెజ్జం ఊది చూశాడు. అది మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాక ఆయిలు కదలదు. బారు మీది బెజ్జాన్ని సన్నటి తీగతో పొడిచాడు. గాడిలోంచి పాత హాక్సా బ్లేడు ముక్కతో గీరితే నల్లటి ముద్ద తాడులా ఊడి వచ్చింది. అందులో మా పెరటి పనస జిగురు కూడా ఉండే ఉంటుంది. పనసకాయ కొయ్యబోయే ముందు చేతులకి, కత్తికి నూనె రాసుకోమని ఇంట్లో పిల్లలకి కూడా చెబుతాం. చెట్టునే కోసేటప్పుడు మాత్రం ఆ మాట మరిచిపోతాం.

"నా దగ్గరికి ఆయిల్రాలేదని తెచ్చినోటిలో సగం ఈ బెజ్జం కాడే బాగయిపోతాయి" అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కోసేటప్పుడు పొగ వచ్చిందంటే ఆయిలు తక్కువని అందరూ అనుకుంటారు. పళ్లు మొద్దుబారినా పొగ వస్తుంది. పొట్టు చూస్తే తెలుస్తుంది. బరక బరకగా ముక్కలు రాలితే పదునుంది, పిండిలా రాలితే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు తను వెళ్లాడట. కొబ్బరి మాను బయటి పొర ఇసుక కోసినట్టుగా పదును తినేస్తుంది. అక్కడి కుర్రాళ్లు పొగ చూసి ఆయిలు పెంచుతూ పోయారు, చైనుకి ఆకురాయి మాత్రం పెట్టలేదు.

కొత్త బారు వేసి, చైను బిగించి, మంచి ఆయిలు పోసి, పాత క్యాలెండరు కాగితం ఒకటి చించి తెల్ల పక్క పైకి వచ్చేలా నేల మీద పరిచాడు. రంపం స్టార్టు చేసి బారు ముక్కుని కాగితానికి జానెడు ఎత్తున పట్టి, ముప్పావు రేజు మీద ఉంచాడు. షెడ్డంతా దద్దరిల్లింది. నిమిషం గడిచాక ఇంజను ఆపి కాగితం ఎత్తాడు. మధ్యలో సన్నటి గీత, చుక్కలు చుక్కలుగా, ముగ్గు వేసే ముందు పెట్టుకున్న చుక్కల్లా. తక్కువే. ఇంజను ఆపి ఉండగానే, పక్కనున్న గుర్తు చూసి స్క్రూని ఎక్కువ వైపు పావు చుట్టు తిప్పాడు. ఏ వైపు తిప్పితే పెరుగుతుందనేది మోడల్ని బట్టి మారుతుంది, గుర్తు చూడకుండా తిప్పకూడదు. రెండో కాగితం మీద చుక్కలు కలిసి గీత అయ్యాయి. ఇంకో పావు తిప్పి చూస్తే గీత చుట్టూ మడుగు కట్టింది. వెనక్కి తెచ్చాడు.

"మరి ఇదే ఖాయమా?"

"ఏ సెట్టుకి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను ఆపేసింది. చింత, సరుగుడు గట్టి కర్రలు, కోత నెమ్మదిగా సాగుతుంది, బారు పొడవునా రాపిడి. వాటికి ఎక్కువ వదలాలి. ఈ ఊళ్లో చింతమాను మాట వస్తే పైడితల్లి అమ్మవారి జాతరలోని సిరిమాను గుర్తురాక మానదు, ఏటా ఒక చింతచెట్టే ఆ భాగ్యానికి నోచుకుంటుంది. ములగ, బూరుగు లాంటి మెత్తటివాటికి, చిన్న బారుకి తగ్గించుకోవచ్చు. ఎండాకాలంలో ఆయిలు పలచబడి ఎక్కువ పోతుంది, అరకు వైపు చలి పొద్దుల్లో చిక్కబడి కదలదు. అందుకే అన్నిటికీ కలిపి ఒక కొలత పెట్టుకున్నారు. పెట్రోలు ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఆయిలు ట్యాంకులో కొంచెం మిగలాలి. మా వాడి మిషనులో పెట్రోలు 550 మిల్లీలీటర్లు, ఆయిలు 260. సగానికి మించి మిగిలితే బారు ఎండుతోంది. ఆయిలే ముందు అయిపోతే ఎక్కువ పోతోంది. రెండు మూతలూ ఎప్పుడూ ఒకేసారి తియ్యాలి. రోజుకి ఆరు ట్యాంకులు కోస్తే లీటరున్నర ఆయిలు ఆ చెట్టు మొదట్లో మట్టిలోకి పోతుంది. అది కాలిన ఆయిలా, మంచిదా అన్నది ఆ నేలలో రేపు మొలిచే మొక్కకి కూడా సంబంధించిన విషయం.

మర్నాడు బొబ్బిలి దగ్గర ఒక తోటలో ఎండిపోయిన పాత పనసచెట్టు కోత ఉందని, కోసేవాడు తన మేనల్లుడేనని, రమ్మన్నాడు మేస్త్రి. మా రంపాన్నే పట్టుకుని వెళ్లాం. చెట్టు కొట్టడానికి అనుమతి కాగితం తోట యజమాని చొక్కా జేబులో ఉంది. మొదలు భాగం గొల్లపల్లి వీణలు చేసేవాళ్ల కోసమని ఆయన ముందే చెప్పాడు. బొబ్బిలి వీణ పనసకర్రతోనే చేస్తారు. ఒకే దుంగలోంచి తొలిచేది ఏకాండి వీణ. "కోత మీద నల్లటి చార పడకూడదు బాబూ" అని మేనల్లుడికి రెండుసార్లు చెప్పాడాయన.

మేనల్లుడు దుంగకి ముందు ఒక పనికిరాని కొమ్మ కోసి ఆ ముఖాన్ని అరచేత్తో రాసి చూశాడు. పసుపు ముద్దలాంటి ఆ కర్ర మీద తడి తగిలింది గాని మరక లేదు. "మావా, ఇది చాలు" అన్నాడు. తర్వాత మొదలు మీద పెట్టాడు. పచ్చటి పొట్టు అతని పాదాల మీద కుప్పపడింది. మూడొంతులు దిగాక రంపం ఒకసారి గొంతు పెంచి, దగ్గి, ఆగిపోయింది. తోటంతా నిశ్శబ్దం. పెట్రోలు అయిపోయింది.

మేస్త్రి ఏమీ అనకుండా వంగి రెండో మూత తిప్పాడు. పనసపుల్ల ఒకటి విరిచి అడుగు తగిలేదాకా దించి, పైకి తీసి నా ముందు పెట్టాడు. కొసన వేలి కణుపంత మేర తడి మెరుస్తోంది.